ముందూ వెనకా గోల్డ్ పైపింగ్

ముందే ఒక మాట. నాకు అక్షరాలు వయసు మళ్లాక వచ్చాయి. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం అవసరం లేనిచోట సాగినా మన్నించి చదవండి. రాయడంలో నిదానం ఎక్కువ. ఈ కథ కాగితం మీదికి రావడానికి ఒక ఎండాకాలం పట్టింది. జరగడానికి మాత్రం ఒక్క శనివారం చాలింది.

నాచారం మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో దోర్కాకు ఒక్క షట్టరు షాపు ఉంది. పైన నీలం రేకు, రేకు మీద తెల్ల అక్షరాలు: 'దోర్కా లేడీస్ టైలర్స్'. ఆ షాపు పెట్టకముందు ఆమె చాలా ఏళ్లు ఒక బట్టల కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. కాలర్లు మాత్రమే. ఆ కాలర్ కింద చొక్కా ఎట్లా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. అందుకే, సొంతంగా కుట్టిన మొదటి జాకెట్టును ఒకామె తొడుక్కుని అద్దంలో చూసుకుని నవ్విన రోజునే వెళ్లి బోర్డు రాయించుకుంది. బైబిల్లో దోర్కా కూడా బట్టలు కుట్టేదని పాస్టరమ్మ చెబితే, "మరి ఆమెకు బోర్డు ఉండెనా?" అని అడిగిన మనిషి.

భర్త టిమోతికి ఏ బోర్డూ లేదు. అతను ప్లంబరు. పొద్దున్నే ఉప్పల్‌లో కూలీల అడ్డా మీద సంచి పక్కన పెట్టుకుని నిలబడతాడు. "ఓ నల్లా అన్నా" అని ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్తాడు. పని బాగుందని మెచ్చుకున్నవాళ్లు కూడా మళ్లీ పైపు పగిలినప్పుడు అడ్డాకు వచ్చి, "మొన్నొచ్చిన పొడుగాయన ఏడి?" అని వెతుకుతారు. అంత మంచి పనివాడికి పిలిచేందుకు ఒక పేరు లేకపోవడం దోర్కాకు లోపలెక్కడో గుచ్చుతూ ఉండేది.

ఆ శనివారం ఆమె షట్టరు ఎత్తేసరికి మరిది విజయ్ కుమార్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతని చంకలో చుట్టచుట్టిన ఫ్లెక్సు ఉంది. విజయ్ కుమార్ వాటర్ ఫిల్టర్లు అమ్మాడు, ఇన్సూరెన్సు చేయించాడు, ఘట్‌కేసర్ అవతల ప్లాట్లు చూపించాడు. ఏ ఉద్యోగంలోనూ మొదటి టార్గెట్టు దాటి ఉండలేదు. ఇప్పుడు అతని చూపు అన్నావదినల మీద పడింది.

"వదినా, లోకం మారింది. ఒక్క పని మీద ఎవ్వరు బతుకుతలేరిప్పుడు. ఒకటే పేరు, ఒకటే నెంబరు. వదిన కావాల్నంటె వదినొస్తది, అన్న కావాల్నంటె అన్నొస్తడు. జనానికి ఫికర్ లేదు, మనకు ఫికర్ లేదు" అంటూ అతను ఫ్లెక్సు విప్పాడు.

అందులో ఎర్రటి అక్షరాలతో 'పర్‌ఫెక్ట్ ఫిట్టింగ్స్' అని ఉంది. ఒక పక్క నల్లా బొమ్మ, ఇంకో పక్క జాకెట్టు బొమ్మ. నల్లాలోంచి రాలుతున్న నీటిచుక్క సరిగ్గా జాకెట్టు భుజం మీద పడబోతోంది. కింద ఇంకో వాక్యం ఉంది: 'మీ ఇంట్లో అన్ని రకాల ఫిట్టింగ్‌లు పెట్టబడును.'

దోర్కా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. "విజయ్, ఫిట్టింగ్ పెట్టుడంటె ఏందో తెల్వదా నీకు? అత్తాకోడళ్ల నడుమ మంటపెట్టుడు గూడ ఫిట్టింగే."

"అది గల్లీ మాట వదినా. ఇది బ్రాండింగు."

"నా పేరు ఏది మరి?"

"నీ పేరెందుకు? నీ బొమ్మ ఉంది గదా" అని జాకెట్టును చూపించాడు.

పానాల సంచి భుజాన వేసుకుని టిమోతి వాకిట్లో నిలబడి ఉన్నాడు. "నువ్వేమంటవయ్యా?" అని దోర్కా అడిగింది.

"నువ్వెట్లంటె గట్ల" అన్నాడు టిమోతి. భార్యను అతను ప్రశ్నలు అడగడు. పెళ్లయిన కొత్తలో చాలా అడిగేవాడు. "చెప్పిన పని చెయ్, అడిగి సంపకు" అని దోర్కానే మాన్పించింది.

దోర్కాకు ఫ్లెక్సు నచ్చలేదు. కానీ ఆలోచన మాత్రం కుట్టు విడిచిన దారంలా వేలికి చుట్టుకుంది. మెయిన్ రోడ్డు మీద 'జిరాక్స్, లస్సీ, రియల్ ఎస్టేట్' అని ఒకే బోర్డు కింద నడిచే షాపు ఉంది. ఆ మూడింటికి పొంతన ఏమిటో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. అయినా అక్కడ ఎప్పుడూ జనం ఉంటారు. మరి సూదీ పానా ఒక పేరు కింద ఇముడుతాయా? ఇమిడితే ఆ పొడుగాయనను కూడా జనం పేరు పెట్టి పిలుస్తారా? దానికోసం తన రేకు దించాల్సి వస్తుందా? ఏమవుతుందో చూడాలని ఆమెకు బుద్ధి పుట్టింది.

"సరే, ఈ ఒక్క దినం సూద్దాం. మంచిగ నడిస్తె రేపు నా బోర్డు దించి నీది కట్టు. నడవకపోతె నువ్వు మళ్ల ఈ ముచ్చట ఎత్తొద్దు."

"ఒక్క దినం చాలు వదినా" అంటూ విజయ్ కుమార్ ఇద్దరి ఫోన్లూ తీసుకుని ఏవో నొక్కాడు. ఇక దోర్కాకు ఎవరు ఫోన్ చేసినా, టిమోతికి ఎవరు చేసినా అతనికే మోగుతుంది. అతను విని, ఎవరి పని వాళ్లకు వాయిస్ మెసేజ్ పెడతాడు. విజయ్ కుమార్‌కు జాకెట్ల గురించి తెలియదు, పైపుల గురించి అంతకన్నా తెలియదు. అందుకని సులువైన పద్ధతి ఒకటి కనిపెట్టాడు. లూజు, టైటు, కొలత అని వినిపిస్తే అది వదిన పని. పైపు అని, పైపును మలుపు తిప్పే ఎల్బో అని వినిపిస్తే అన్న పని.

మొదటి ఫోన్ ఉప్పల్ నుంచి సారలమ్మది. ఆ సాయంత్రమే ఆమె కూతురు పద్మశ్రీకి ఎంగేజ్‌మెంటు. మెరూన్ రంగు పట్టు జాకెట్టు దోర్కా దగ్గర దాదాపు తయారై ఉంది. చేతులు పొట్టిగానా, పొడుగ్గానా అన్నది తేల్చుకోలేక తల్లీకూతుళ్లు దాన్ని వారంగా ఆపి ఉంచారు. ఆ పొద్దున తేలింది.

"పర్‌ఫెక్ట్ ఫిట్టింగ్స్, చెప్పండి" అన్నాడు విజయ్ కుమార్.

"దోర్కమ్మ లేదా?"

"ఏ పనైనా నాకే చెప్పాలె మేడం. కొత్త సిస్టమ్."

"అయితె రాసుకో తమ్మీ. ముందూ వెనకా గోల్డ్ పైపింగ్. రెండు దిక్కుల ఎల్బో. ఫిట్టింగ్ మాత్రం టైటుగ ఉండాలె. సాయంత్రం వియ్యాలవారొస్తున్నరు, మా ఇజ్జత్ మీ చేతుల్నే ఉంది."

మెడ అంచు వెంట సన్నటి తాడులా కుట్టే పట్టీని పైపింగ్ అంటారని, మోచేతుల దాకా వచ్చే చేతులను ఎల్బో అంటారని నాచారంలో జాకెట్టు కుట్టించుకున్న ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. విజయ్ కుమార్ ఎవరినీ అడగలేదు. టైటు అన్నది ఒక్కటే వదిన పక్కన ఉంది. పైపు, ఎల్బో రెండూ అన్న పక్కన ఉన్నాయి. మెజారిటీ ప్రకారం మెసేజ్ టిమోతికి వెళ్లింది.

ఆ మెసేజ్ పంపుతుండగానే ఇంకో ఫోన్ మోగింది. మేడిపల్లి నుంచి హన్మయ్య అనే పెద్దమనిషి. "పైన పాతది మొత్తం లూజయింది బాబూ. కొలత తీసుకోని కొత్తది పెట్టాలె. మాకు సాయంత్రం ఫంక్షనుంది, జర జల్ది."

ఏది లూజయిందో అడిగేలోపు మూడో ఫోన్ వచ్చింది. లూజు, కొలత. ఇందులో అనుమానమే లేదు. మెసేజ్ దోర్కాకు వెళ్లింది.

టిమోతి ఉప్పల్‌లో సారలమ్మ ఇంటికి చేరేసరికి పెద్దవాళ్లు పూలకూ కుర్చీలకూ వెళ్లి ఉన్నారు. తలుపు తీసింది పద్మశ్రీ. ఆమె ముఖమంతా తెల్లటి పూత ఉంది. అది ఆరేదాకా పెదవి కదిపితే ముఖం మీద గీతలు పడతాయని పార్లరు వాళ్లు భయపెట్టి పంపారు. దోర్కమ్మ భర్తను ఆమె ఎరుగును. దోర్కమ్మ ఏదో అడిగి రమ్మని పంపిందనుకుంది.

"గోల్డ్ పైపింగ్ అన్నరట?" అన్నాడు టిమోతి.

పద్మశ్రీ తలూపింది.

"ముందు ఒక్కటా? ముందూ వెనకానా?"

ఆమె రెండు వేళ్లు చూపించింది.

"ఎల్బోలు?"

మళ్లీ రెండు వేళ్లు. అంతటితో ఆగక మోచేతులు రెండూ తట్టి మరీ చూపించింది. ప్లంబరు భాష ఇంత బాగా తెలిసిన పెళ్లికూతురును టిమోతి అంతకుముందు చూడలేదు. ఆమె తలుపు వేసుకుని లోపలికి వెళ్లి, జుట్టు ఆరబెట్టే మిషన్ పెట్టుకుంది. ఇతను గునపం తీశాడు.

గోడ వెంట దిగే ట్యాంకు లైనును కోసి, ఒక ఎల్బోతో ముందు వాకిట్లోకి, ఇంకో ఎల్బోతో వెనక దొడ్లోకి మళ్లించాడు. ముందు వాకిట్లో మనిషి నడుము ఎత్తున ఒక నల్లా, దొడ్లో ఇంకొకటి నిలబెట్టాడు. పని చక్కగా కుదిరింది. ఒక్క గోల్డ్ దగ్గరే చెయ్యి ఆగింది. ఎన్నో ఏళ్ల తర్వాత భార్యను ఒక ప్రశ్న అడగాలనిపించి ఆమెకు ఫోన్ చేశాడు.

"పర్‌ఫెక్ట్ ఫిట్టింగ్స్, చెప్పండి."

"దోర్కా?"

"నేనే అన్నా."

"మీ వదినకు చేసిన గదరా."

"వదిన ఫోన్లు గూడ నాకే వస్తయన్నా. ఏంది సంగతి?"

"గోల్డ్ పైపు యాడ దొరుకుతదిరా?"

"కస్టమర్ ఏదడిగితె గదే చేయాలె. రంగు కొట్టు."

టిమోతి ఉప్పల్ హార్డ్‌వేర్ షాపులో బంగారు రంగు స్ప్రే డబ్బా కొన్నాడు. పైపుకూ, ఎల్బోలకూ, నల్లాలకూ, ముందు నల్లా కింద పెట్టిన రాయికీ కొట్టాడు. రాయికి కొట్టమని ఎవరూ అడగలేదు. డబ్బాలో మిగిలింది కాబట్టి కొట్టాడు.

అదే సమయానికి దోర్కా మేడిపల్లిలో ఆటో దిగి హన్మయ్య ఇంట్లోకి అడుగుపెట్టింది. ఆడమనిషిని చూసి హన్మయ్య కాస్త ఆశ్చర్యపోయినా, ఈ కాలంలో ఆడవాళ్లు చేయని పని లేదని సర్దుకున్నాడు.

"రా చెల్లె. పైన ఉంది, పో. పాతది, జర మెల్లగ పట్టుకో. గట్టిగ ముట్టుకుంటె ఊడొస్తది. రాత్రి సంది కారుతనే ఉంది, ఆగుతలేదు."

దోర్కా అడుగు నెమ్మదించింది. కొలతలు ఇవ్వాల్సిన మనిషికి ఒంట్లో బాగాలేదని విజయ్ చెప్పనే లేదు. మెట్లెక్కి పై గదిలోకి తొంగిచూసింది. మంచం మీద ముసలమ్మ, హన్మయ్య తల్లి, కళ్లు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. అదేనన్నమాట రాత్రి నుంచి కారుతున్నది.

"లూజయిందటగదా అమ్మమ్మా?" అంది దోర్కా మెల్లగా, టేపు తీస్తూ.

"ఇయ్యాల్నా బిడ్డా? నా మనుమరాలి పెండ్లప్పుడు కుట్టించిన్రు, అప్పటి సంది లూజే" అంటూ ముసలమ్మ జాకెట్టు భుజం పట్టి లాగి చూపించింది. "నా కొడుకు పంపిండా నిన్ను?"

"ఆయనే. అర్జెంటుగ కొత్తది పెట్టాల్నన్నడు."

ముసలమ్మ మంచం అంచుకు జరిగింది. "నా కోడలు ఏమన్నదో తెలుసా? 'నువ్వు ఎంగేజ్‌మెంటుకు యాడికొస్తవ్, ఇంట్ల ఉండు, నీకెందుకు కొత్త జాకెట్టు' అన్నది. నా కొడుకు పక్కన్నే ఉన్నడు, పేపరు సదువుకుంట. ఇన్లేదనుకున్న. ఇన్నడు సూడు!" ఆమె లేచి నిలబడి చేతులు చాచింది. "మోచేతుల దాక పెట్టు బిడ్డా. తోలు ఏలాడుతది."

దోర్కా ఎంతో శ్రద్ధగా కొలతలు తీసుకుంది. ఆమె కిందికి దిగేసరికి ఇంటిల్లిపాదీ తువ్వాళ్లు భుజాన వేసుకుని హాల్లో ఎదురుచూస్తున్నారు.

"అయిందా చెల్లె?" అన్నాడు హన్మయ్య.

"మీరన్నట్టే మస్తు లూజుంది. కొలత తీసుకున్న. ఎల్బో పెట్టమంటున్నది."

"పెట్టు, పెట్టు. పాతదానికి ఎల్బో లేకనే ఈ తిప్పలు."

"రెండు దినాల్ల తెచ్చిస్త."

"రెండు దినాలా!" హన్మయ్య భార్య ముందుకు వచ్చింది. "ఇంట్ల ఒక్కరు తానం చేయలేదమ్మా! పొద్దుగూకితె ఉప్పల్ పోవాలె, నా కొడుకు ఎంగేజ్‌మెంటు!"

జాకెట్టుకూ స్నానానికీ సంబంధం ఏమిటో దోర్కాకు అంతుపట్టలేదు. ఒక్కో ఇంటికి ఒక్కో ఆచారం ఉంటుంది. "కొత్తది వచ్చేదాక ఎవ్వరు తానం చేయొద్దా మీకు?" అని మర్యాదగా అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వచ్చేలోపే మెట్ల మీద చప్పుడైంది. ఎన్నాళ్లుగానో కిందికి దిగని ముసలమ్మ పట్టుచీర చుట్టుకుని గోడ పట్టుకుంటూ దిగుతోంది. "నేనూ వస్తున్న ఉప్పల్‌కు. నా కొడుకు నాకు జాకెట్టు కుట్టిస్తున్నడు. ఎవరన్న అడ్డమొస్తె ఆయన్నే అడగండి."

కోడలు హన్మయ్యను చూసింది. "నాకు తెల్వకుంట టైలరును పిలిపించినవా?"

"టైలరెవరు? ట్యాంకు పైపుకని పిలిస్తె వచ్చిన ప్లంబరే ఆమె!"

"ప్లంబరు నా చాతీ కొలుస్తదారా?" అంది ముసలమ్మ.

ఆ తర్వాత హాల్లో ఒకేసారి ముగ్గురు మాట్లాడారు. పదేళ్ల కిందటి చీర సంగతి, అంతకుముందు ఎవరికో పెట్టని కూర సంగతి, అన్నీ బయటకు వచ్చాయి. 'అన్ని రకాల ఫిట్టింగ్‌లు పెట్టబడును' అన్న వాక్యం దోర్కా కళ్ల ముందు ఎర్రటి అక్షరాలతో వెలిగింది. ఆమె వాకిట్లోకి వచ్చి టిమోతికి ఫోన్ చేసింది.

"పర్‌ఫెక్ట్ ఫిట్టింగ్స్, చెప్పండి."

"నీ ఫిట్టింగ్ ఆగం గాను! మీ అన్న యాడున్నడు?"

"ఉప్పల్ల వదినా. సారలమ్మ ఇల్లు. ముందూ వెనకా గోల్డ్ పైపింగ్, రెండు ఎల్బోలు. పెద్ద ఆర్డరు!"

మెరూన్ జాకెట్టు చేతుల్లేకుండా షాపులో మిషన్ మీద పడి ఉంది. గోల్డ్ పైపింగ్ మాత్రం ఉప్పల్‌లో పడుతోంది. లోపల హన్మయ్య భార్య గట్టిగా అంటున్న మాట చెవిన పడింది: "ఆ సారలమ్మ ముందట తానం లేని మొకాలేసుకోని ఎట్ల నిలబడుదుము!"

అదీ సంగతి. ఒక్క రోజులో, ఒక్క పేరు మీద, రెండు పక్కల వియ్యాలవారినీ ముంచారు.

"విజయ్, ఇను. అడ్డం మాట్లాడకు. మిషన్ మీది మెరూన్ జాకెట్టు, దాని చేతుల బట్ట, పక్కన్నే బంగారు పట్టీ ముక్క. మూడు తీసుకోని ఉప్పల్‌కు ఉరుకు. ముందుగల మా ఫోన్లు మాకు ఇడువు."

ఆటోలో కూర్చున్నాక ఆమెకు కోపం తగ్గి దిగులు మొదలైంది. ఫ్లెక్సు పోతే పోయింది. కానీ దాంతోపాటు టిమోతికి పేరు వస్తుందన్న ఆశ కూడా పోయింది. సోమవారం మళ్లీ ఆ అడ్డా, మళ్లీ 'ఓ నల్లా అన్నా'. తన రేకు తనకు మిగిలినందుకు సంతోషపడాలో, అది తనొక్కదానికే మిగిలినందుకు బాధపడాలో తెలియకుండానే ఉప్పల్ వచ్చేసింది.

సారలమ్మ పూలబుట్టతో వాకిట్లో నిలబడి ఉంది. వాకిలి సగం తవ్వి ఉంది. నల్లా పరీక్షించినప్పుడు పారిన నీళ్లకు మట్టంతా బురదైంది. ఆ బురద మధ్యలో బంగారు నల్లా ఎండకు ధగధగలాడుతోంది. దాని పక్కన టిమోతి చేతులు కట్టుకుని, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏందిది?" అంది సారలమ్మ.

"గోల్డ్ పైపింగ్" అన్నాడు టిమోతి. "వెనక గూడ ఉంది."

"పైపింగ్ జాకెట్టుకయ్యా!"

టిమోతి మొదట నల్లాను, తర్వాత భార్యను చూశాడు. "నన్ను అడగొద్దన్నవు గదా" అన్నాడు చిన్నగా.

తలుపు దగ్గర పద్మశ్రీ పూత కడుక్కున్న ముఖంతో ఏడవడానికి సిద్ధంగా ఉంది. దోర్కా ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. "అక్కా, మిషన్ ఉందా ఇంట్ల?" అని అడిగి, సారలమ్మ పాత మిషన్ మీది గుడ్డ లాగి, నూనె చుక్క వేసి కూర్చుంది. విజయ్ కుమార్ రొప్పుతూ వచ్చాడు. జాకెట్టు తెచ్చాడు, చేతుల బట్ట తెచ్చాడు, పట్టీ తెచ్చాడు, ఎందుకైనా మంచిదని ఫ్లెక్సు కూడా తెచ్చాడు. పైపింగ్ లోపల పెట్టే తాడు మాత్రం తేలేదు. తాడు లేకపోతే పైపింగ్ పైకి లేవదు, చప్పిడి పట్టీలా పడి ఉంటుంది.

దోర్కా తల పట్టుకుంది. టిమోతి ఏమీ అడగకుండా తన సంచిలోంచి దారపు ఉండ తీసి ముందు పెట్టాడు. పైపు మరల్లోంచి నీళ్లు కారకుండా ప్లంబర్లు చుట్టే తెల్ల నూలు దారం అది. ఆమె దాన్ని రెండు పేటలుగా పేని, పట్టీలో పెట్టి కుట్టింది. మెడ చుట్టూ పైపింగ్ గుండ్రంగా, గట్టిగా లేచి నిలబడింది. ఆమె ఇన్నేళ్లుగా వాడిన తాడుతో కూడా అంత బాగా రాలేదు. "ఈ దారం నాకెప్పుడు సూపలేదేందయ్యా?" అంది మిషన్ ఆపకుండానే.

"నువ్వెప్పుడు అడగలే" అన్నాడు టిమోతి.

రెండో చెయ్యి అతుకుతుండగా మేడిపల్లి బండ్లు వచ్చి ఆగాయి. వాకిట్లో బురద చూసి సారలమ్మ ఒక్క అరుపు అరిచింది. వేరే దారి లేక విజయ్ కుమార్ ఫ్లెక్సు విప్పి బురద మీద పరిచాడు. హన్మయ్య, ఆయన భార్య, పెళ్లికొడుకు, వెనక కొత్త సంతోషంతో వెలిగిపోతున్న ముసలమ్మ, అందరూ 'పర్‌ఫెక్ట్ ఫిట్టింగ్స్' మీద కాళ్లు పెట్టుకుంటూ నడిచి వచ్చారు. స్నానాలు లేవు. ఒంటి మీద కొట్టుకున్న సెంటు వాళ్లకన్నా ముందే ఇంట్లోకి వచ్చింది.

వియ్యాలవారు గడప దాటకముందు కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద. సారలమ్మ చెంబు కోసం లోపలికి తిరగబోయింది. హన్మయ్య ఆమెను చూడనే లేదు. ఆయన కళ్లు నల్లా మీద ఉన్నాయి. దగ్గరికి వెళ్లి, తిప్పి చూశాడు. చల్లటి నీళ్లు ధారగా దూకాయి. కాళ్లు కడుక్కున్నాడు, చేతులు కడుక్కున్నాడు. ఇక ఆగలేక తల కింద పెట్టాడు. ఆయన వెనక పెళ్లికొడుకు. దొడ్లో ఇంకొకటి ఉందని తెలిసి ఆడవాళ్లందరూ అటు నడిచారు.

తడి ముఖం తుడుచుకుంటూ హన్మయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎన్నో ఇండ్లకు పోయిన. కాళ్లకు నీళ్లని ఒక చెంబు మొకాన కొడతరు. మా కోసం బంగారు నల్లా పెట్టించిన ఇల్లు గిదొక్కటే. ఒక్కటి గాదు, రెండు!"

సారలమ్మ రెప్ప వేయలేదు. "మీ కోసమే అన్నా. పొద్దుటి సంది అదే పని మీద ఉన్నం."

అప్పుడే పద్మశ్రీ మెరూన్ జాకెట్టులో బయటికి వచ్చింది. మెడ చుట్టూ గోల్డ్ పైపింగ్, రెండు దిక్కులా ఎల్బో. ఎదురుగా వాకిట్లో నల్లా అదే రంగులో మెరుస్తోంది. ఈ రెండింటినీ కలిపి ముందే అనుకుని చేయించారని చుట్టాలందరూ నమ్మారు. ఒకావిడ సారలమ్మ చెవి దగ్గర, "ఎవరు చేసిన్రు ఇదంత?" అని అడిగింది.

విజయ్ కుమార్ ఛాతీ ముందుకు పెట్టి నోరు తెరిచాడు. చూపించడానికి కిందికి చూస్తే, ఎర్రటి అక్షరాల మీద మేడిపల్లి చెప్పుల బురద తప్ప ఏమీ కనిపించలేదు.

"ఇంకెవరు? మన దోర్కా వాళ్లు" అంది సారలమ్మ. "నాచారంల షాపు. మొగుడూ పెండ్లాం ఇద్దరు చేస్తరు. ఆయనతోటి నల్లా, ఆమెతోటి జాకెట్టు."

ముసలమ్మ దోర్కా చెయ్యి పట్టుకుంది. "నాది గూడ గిదే రంగు పైపింగ్ పెట్టు బిడ్డా. డబ్బాల ఇంక మిగిలి ఉందా అడుగు మీ ఆయన్ను."

ఆదివారం ప్రార్థన అయ్యాక టిమోతి నిచ్చెన తెచ్చి షాపు ముందు వేశాడు. అది చూసి దోర్కా బోర్డు దించడానికే అనుకుంది. ఇన్నాళ్లూ ఆమె ఎట్లంటే అట్ల అన్న మనిషి, ఆమెను అడగకుండానే మిగిలిన బంగారు రంగుతో ఆ నీలం రేకు కింద ఒక చిన్న వరస రాసి దిగాడు: 'నల్లా పనులు కూడా'. పైన 'దోర్కా' అన్న పేరును ముట్టుకోలేదు.

"నీ పేరు రాసుకోవయ్యా, జాగా ఉంది గదా" అంది దోర్కా.

"ఒకటే పేరు, ఒకటే నెంబరు. జనానికి ఫికర్ లేదు" అన్నాడు టిమోతి.

విజయ్ కుమార్ కూడా నష్టపోలేదు. ఫ్లెక్సు ఫోటోను అతను ముందురోజే ఉప్పల్, నాగారం వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టి ఉన్నాడు. 'మీ ఇంట్లో అన్ని రకాల ఫిట్టింగ్‌లు పెట్టబడును' అన్నది చదివి, చిన్నకోడలికీ కొడుక్కీ మధ్య జర ఒకటి పెట్టించాలని పెద్దమ్మలు అతనికి ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

ఇక టిమోతి అడ్డా మీద నిలబడటం మానేశాడు. షాపు ఫోన్ మోగితే అతనే ఎత్తుతాడు. అవతలివాళ్లు "దోర్కన్నేనా?" అని అడుగుతారు. "ఆ, దోర్కన్ననే, చెప్పండి" అంటాడు.

విక్టోరియా, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు నాగారంలో ఉంటున్నాను.